వేరు మాస్టారి వేపచెట్టు

మన పదో తరగతి బ్యాచ్ మీటింగుకి తెస్తున్న సంచిక కోసం, కమిటీ తరఫున రేడియో (మన క్లాసులో ఇలాంటి ముద్దుపేర్లే కదా) ఫోన్ చేశాడు. "అందరూ రాసిచ్చేశారు, నువ్వొక్కడివే మిగిలావు. పార్కుల డైరెక్టర్‌గా చేసినవాడివి, నీ ఉద్యోగం గురించి రెండు పేజీలు రాయి, పిల్లలు చదువుకుంటారు" అన్నాడు. సరేనని కూర్చున్నాను. ఉద్యోగం గురించి మొదలుపెట్టిన ప్రతిసారీ పెన్ను మన స్కూలు వెనక గ్రౌండులోకే వెళ్లిపోతోంది. చివరికి అక్కడి నుంచే రాద్దామనుకున్నాను.

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా జరిగినవి మిగతావాళ్లు రాస్తున్నారట. బెల్లు బాబాయి గురించి క్యారేజీ రాస్తోంది. లెక్కల మాస్టారి చాక్‌పీసుల సంగతి కవలలు రాస్తున్నారు. సూర్యలంక పిక్నిక్ సంగతి ఎవరు రాసినా, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు లెక్క తప్పిన ఆ ఒక్కడూ నేను కాదని మాత్రం రాయండి. నాకు పదో తరగతి చాలు. అందులోనూ ఒక్క నవంబరు నెల చాలు.

1977 నవంబరు 19, శనివారం. మధ్యాహ్నం నుంచి మొదలైన గాలి రాత్రికి ఎలా మారిందో బాపట్లలో ఉన్న మనకెవరికీ వేరే చెప్పక్కర్లేదు. మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మా నాయనమ్మ మమ్మల్నందర్నీ రోకలి పక్కన గోడ మూలకి చేర్చి, తెల్లారేదాకా పేర్లు పెట్టి పిలుస్తూనే ఉంది. ఒక్కరు పలకకపోయినా మళ్లీ మొదటి నుంచి పిలిచేది. ఆదివారం పొద్దున బయటికొస్తే మా వీధి నాకే కొత్తగా ఉంది. దివిసీమలో 10,000కు పైగా మనుషులు పోయారన్న మాట మన దాకా రావడానికి రోజులు పట్టింది. అప్పటికి మాకు తెలిసింది ఒక్కటే, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి జనం తడిబట్టలతో నడుచుకుంటూ మన స్కూలుకి వస్తున్నారని.

పదో తరగతి బి సెక్షన్ కిటికీ దగ్గర మన వేపచెట్టు పడిపోయి ఉంది. కిటికీ చువ్వల్లోంచి కొమ్మలు లోపలికి వచ్చి మన బెంచీల మీద ఆకులు రాలాయి. వేర్లు ఒకపక్క గాల్లోకి లేచి, ఇంకోపక్క ఇసకమట్టిలో ఉన్నాయి.

మొదటి వారం చెట్టు సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టకూడదు కూడా. క్లాసురూముల నిండా జనం. మనం నీళ్లు మోశాం, గంజి పంచాం, పిల్లల్ని ఎత్తుకున్నాం. నూనెసీసా, నీ చొక్కా ఒక పిల్లాడికి తొడిగి వారం రోజులు బనీనుతోనే తిరిగావు. నువ్వు మర్చిపోయి ఉంటావు, నాకు గుర్తుంది.

ఆ వారంలోనే, రోజూ సాయంత్రం పనులన్నీ అయ్యాక, మనం వేరు మాస్టారని పిలుచుకునే మన మాస్టారు పంచె పైకి కట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లేవారు. గోనెసంచులు నీళ్లలో ముంచి, పైకి తేలిన వేర్ల మీద పరిచేవారు. మళ్లీ పొద్దున వచ్చి తడి చూసేవారు. ఇదెందుకని ఎవరూ అడగలేదు. వంటచెరుకు కోసం గొడ్డళ్లు పట్టుకొచ్చిన రోజున మాత్రం ఆయన చెట్టుకి అడ్డంగా నిలబడ్డారు. "కొమ్మలు ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి బాబూ, నేనే చూపిస్తా ఎక్కడ కొట్టాలో. మొదలు మాత్రం ముట్టుకోవద్దు" అన్నారు. తర్వాత కింద కూర్చుని, వేళ్లతో మట్టి తవ్వుకుంటూ పోయి, లోపలున్న ఒక సన్నటి వేరు మీద గోటితో గీరారు. పైతోలు కింద లేతగా, తడిగా, తెల్లగా కనిపించింది. నన్ను దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూడమన్నారు. చల్లగా ఉంది. "చూశావుట్రా, ప్రాణం ఇంకా మట్టిలోనే ఉంది. పైన పడిపోయిందే చూస్తారు అందరూ."

నా వేలికి ఆ చల్లదనం ఈరోజుకీ గుర్తుంది.

మిగతాదంతా మీ చేతుల మీదే జరిగింది కదా! రైసుమిల్లు నుంచి చైన్ కప్పీ తెచ్చింది ఎవరో, ఆ తెచ్చిన తీరేమిటో ఈ సంచికలో వద్దులెండి. మాస్టారు ముందు పైకొమ్మల్లో మూడొంతుల్లో రెండొంతులు తీయించేశారు. అంత బరువుతో నిలబెడితే మళ్లీ పడుతుంది, సగం వేర్లతో అన్ని ఆకులకి నీళ్లు అందించలేదు కూడా. ఆ తర్వాత, లేచిన వేర్లు ముడుచుకోకుండా దిగేంత గుంత తవ్వించారు. కొబ్బరితాళ్లు బెరడుని కోయకుండా మధ్యలో గోనెపట్టా చుట్టారు. అబ్బాయిలం కప్పీ దగ్గర, ఇద్దరు హమాలీలు తాళ్ల దగ్గర. అంగుళం లాగడం, ఆగడం, వేర్లు చూడటం, మళ్లీ అంగుళం. పొద్దున మొదలుపెడితే దీపాలవేళ అయింది. మూడు పక్కలా సర్వి (సరుగుడు) బాదులు ఆసరాగా పెట్టాం. అమ్మాయిలు ఎర్రమన్నూ పేడా కలిపి, నరికిన ప్రతి కొమ్మ మొన మీదా పూశారు. క్యారేజీ చేతులు మూడు రోజులు వాసన కొట్టాయని వాళ్లమ్మ స్కూలుకొచ్చి మాస్టారితో చెప్పిందిట. మాస్టారు ఆవిడని తీసుకెళ్లి చెట్టు చూపించారట. మర్నాడు ఆవిడే ఇంకో బుట్ట పేడ పంపించింది.

డిసెంబరంతా అది మోడు. జనవరిలోనూ మోడే. వంతులవారీగా నీళ్లు పోశాం. పబ్లిక్ పరీక్షలకి హాల్‌టికెట్లు తీసుకోవడానికి వెళ్లిన రోజున, పేడ పూసిన చోటికి కాస్త కిందగా, రాగిరంగులో చిగురు. మాస్టారు ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత నా చదువు సంగతి క్లుప్తంగా చెప్తాను. మన ఊరి అగ్రికల్చర్ కాలేజీలోనే సీటు వచ్చింది. బీఎస్సీ ఏజీ చేస్తే బ్యాంకులో ఫీల్డాఫీసర్ అవ్వాలి, అది ఆ రోజుల్లో రాసిపెట్టిన దారి. మా నాన్న ఆశ కూడా అదే. నేను మునిసిపాలిటీలో పార్కుల ఉద్యోగానికి వెళ్తానంటే ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. "తోటమాలి పనికి డిగ్రీ ఎందుకు" అన్నారు బంధువులు. నాకు ఆ మాట తప్పుగా వినిపించలేదు. మాలీలతో కలిసి మొదటి రెండేళ్లు నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు. శిక్షణకి బెంగళూరు లాల్‌బాగ్ పంపినప్పుడు, 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన ఆ 240 ఎకరాల తోటలో రోజుల తరబడి పాత చెట్ల మొదళ్లే చూస్తూ తిరిగాను. పక్కవాళ్లు పూలప్రదర్శనల గాజుమేడ దగ్గర ఫొటోలు దిగారు.

కొన్నేళ్లకి పార్కులతో పాటు కమ్యూనిటీ హాళ్లు, పాత భవనాల బాధ్యత కూడా నా మీద పడింది. చాలామంది దాన్ని శిక్షగా అనుకున్నారు. నాకు మాత్రం అక్కడా మాస్టారే పనికొచ్చారు. వందేళ్ల సున్నపు కట్టడం పిట్టగోడలో కాకి వేసిన రావి విత్తనం మొలుస్తుంది. ఏటా రంగులేసే ముందు కూలీ వచ్చి పైనుంచి కోసేస్తాడు. కోసిన కొద్దీ అది లోపల బలుస్తుంది, గోడ చీలుతుంది. సున్నం గచ్చు విప్పి, వేరు చివరిదాకా వెళ్లి తీసి, మళ్లీ సున్నంతోనే పూడ్చాలి. సిమెంటుతో పూడిస్తే లోపలి తేమ బయటికి పోలేక పాత గోడ పొడిపొడి అవుతుంది. ఇది కాగితం మీద పెట్టి ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ హాలు ఇప్పటికీ ఉంది, పెళ్లిళ్లు జరుగుతున్నాయి.

మాస్టారు రిటైరయ్యాక ఒకసారి కంటి ఆపరేషన్‌కని నేను పనిచేస్తున్న ఊరికి వచ్చారు. ఏ ఊరో ఇక్కడ రాయను. నేను చూస్తున్న పార్కుకి తీసుకెళ్లాను. ఫౌంటెన్ వేయించాను, పచ్చిక కొత్తగా పరిపించాను, ఆయనకి చూపించాలని తెగ ఆరాటపడ్డాను. ఆయన దేన్నీ చూడలేదు. ఒక కానుగ చెట్టు దగ్గర ఆగి, చేతికర్రతో మొదట్లో తట్టారు. టక్కున చప్పుడైంది. "మెడదాకా సిమెంటు పోశారేరా? ఇది నీళ్లు ఎట్లా తాగుతుంది, గాలి ఎట్లా పీలుస్తుంది?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే నలుగుర్ని పెట్టి ఆ పార్కులో ప్రతి చెట్టు చుట్టూ మూడడుగుల మేర సిమెంటు పగలగొట్టించాను. ఆయన బస్సెక్కేలోపు మళ్లీ తీసుకెళ్లి చూపించాను. భుజం మీద చెయ్యి వేశారు. నాకొచ్చిన అవార్డులన్నీ మా ఆవిడ హాల్లో వరసగా పెట్టింది. ఆ చెయ్యి నాకు వాటికన్నా ఎక్కువ.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. అప్పటికి నేను విశాఖలో ఉన్నాను. మాస్టారు లేరు. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. సాయంత్రం బయటికొచ్చి చూస్తే రోడ్డు ఎక్కడుందో తెలియలేదు, అన్నీ చెట్లే. మర్నాడు తలెత్తితే కైలాసగిరి పచ్చదనం మొత్తం పోయి, ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగులో ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, తాగడానికి నీళ్లు లేవు. నాకు యాభై దాటింది, కానీ ఆ పొద్దున నేను మళ్లీ పదో తరగతి బి సెక్షన్ కిటికీ దగ్గరే నిలబడ్డాను.

దారులు తెరవాలి, అంబులెన్సులు కదలాలి. రంపాలు ఆగకూడదు. అది మొదటి పని, అందులో వాదన లేదు. కానీ రోడ్డుకి అడ్డం లేని చోట, పార్కుల్లో, మైదానాల్లో పడినవాటిని కోయనివ్వలేదు. మాలీలకి చెప్పిన మొదటి మాట, "గోనెపట్టాలు తడిపి వేర్ల మీద కప్పండి." ఒక కుర్ర ఇంజనీరు, "సార్, మనుషులకే నీళ్లు లేవు" అన్నాడు. నిజమే. తాగడానికి పనికిరాని చెరువు నీళ్లు ట్యాంకరులో తెప్పించాం. క్రేన్లు దొరికేసరికి వారం దాటింది. ఆ వారం వేర్లు ఎండలేదు. కొమ్మలు తీయించి, బెల్టులకింద గోనెపట్టా చుట్టి, అంగుళం అంగుళం లేపించాను. పేడ బదులు, కోసిన చోట కుళ్లు పట్టకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు ముద్ద పూశాం. బాదులు మాత్రం సర్వివే.

అన్నీ బతకలేదు. నిద్రగన్నేర్లు, తురాయిలు చాలా పోయాయి. పైకి గొడుగులా పెరిగి, వేరు పైపైనే పరుచుకునే చెట్లు అవి. వేపలు, కానుగలు, పొగడలు కోలుకున్నాయి. తుఫాను తర్వాత త్వరగా నీడ కావాలన్న తొందరలో ఏడాకులపాల, కోనోకార్పస్ వరసలు వరసలుగా నాటిన ఊళ్లున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో ఏడాకులపాల పూస్తే ఆ ఘాటుకి ఊపిరాడటం లేదని జనం వచ్చి చెప్పేవారు. నేను మీటింగుల్లో వేప, నేరేడు, పొగడ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. నా మాట నెగ్గిన చోట అవి ఇప్పుడు రెండంతస్తుల ఎత్తు ఉన్నాయి. కిందటేడు మనవరాలిని తీసుకెళ్లి, కింద రాలిన పొగడపూలు ఏరించాను. దారానికి గుచ్చి వాళ్లమ్మకి ఇచ్చింది.

62 ఏళ్లకి, 2024లో రిటైరయ్యాను. మా అమ్మాయి ఆర్కిటెక్టు. ఏ ప్లాను గీసినా ముందు స్థలంలో ఉన్న చెట్లు గుర్తు పెట్టుకుని గీస్తుంది. దీన్ని నేను నేర్పలేదు, చూసి నేర్చుకుంది.

ఇక అసలు సంగతి. మొన్న గ్రూపులో నూనెసీసా పెట్టిన ఫొటో చూశాను. మన వేపచెట్టు చుట్టూ గ్రానైటు అరుగు. సిల్వర్ జూబిలీ ఏడు మనమే చందాలు వేసుకుని మాస్టారి పేరు మీద కట్టించింది. నేనూ చందా ఇచ్చాను, కట్టాక వచ్చి చూడలేదు. ఫొటో పెద్దది చేసి చూస్తే రాయి మొదలుని ఆనుకుని ఉంది, ఒకపక్క బెరడు ఉబ్బింది. పైన తూర్పు కొమ్మలో ఆకు పలచబడింది.

హెడ్‌మాస్టారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. అరుగు కూర్చోవడానికి అలాగే ఉంటుంది, లోపలి వరస రాళ్లు మాత్రం తీయాలి, మూడడుగులు. మీటింగు పదింటికి అన్నారు కదా, నేను ఆరింటికే వస్తాను. గునపం, రెండు తట్టలు, పశువుల ఎరువు నేను తెస్తాను. కవలలూ, మీ ఇద్దరూ ఇంకో గునపం తీసుకురండి. క్యారేజీ, నువ్వు ఇడ్లీ తేవాలి, పదిమందికి సరిపోవాలి. రేడియో, నువ్వు ఈ ఒక్కరోజు లేటుగా రావద్దురా.