అల్‌స్టర్ కాదని తేలిన ఆస్టిన్ సెవెన్: 4 నెలల పని

మార్చి

రేసింగ్ చరిత్ర ఉన్న అల్‌స్టర్, అంటే ఆస్టిన్ సెవెన్‌లో రేసు మోడల్, అని నమ్మి ఈ పాత కారు కొన్నాను. టేపు పెట్టి కొలవడానికి 2 నిమిషాలు కూడా పట్టలేదు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 81 అంగుళాలు. అల్‌స్టర్ అయితే 75 ఉండాలి. డబ్బు కట్టి, ట్రెయిలర్ మీద బర్మింగ్‌హామ్ దాకా తెచ్చుకుని, అప్పుడు కొలిచాను. అదీ నా తెలివి! అమ్మినాయనకి ఫోన్ చేస్తే "నాకూ అల్‌స్టర్ అనే చెప్పి అమ్మారు" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

ఆస్టిన్ సెవెన్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. మా ఇంటికి దగ్గర్లోనే లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో 1922 నుంచి 1939 దాకా తయారైన చిట్టి కారు ఇది. ఇంజన్ 747 సీసీ, అంతే. 1929లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్డ్స్‌లో జరిగిన టూరిస్ట్ ట్రోఫీ రేసులో పెద్ద మెర్సిడెస్‌తో కారచ్చియోలా గెలిస్తే, సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) బిగించిన సెవెన్‌తో ఆర్చీ ఫ్రేజర్ నాష్ మూడో స్థానంలో వచ్చాడు. చిన్న కార్లకి వెసులుబాటిచ్చే హ్యాండిక్యాప్ లెక్క కలిసొచ్చిందనుకోండి, అయినా చిన్న విషయం కాదు. ఆ తర్వాత కంపెనీ అమ్మిన రేసింగ్ మోడల్‌కి ఆ ప్రాంతం పేరే, అల్‌స్టర్ అని, నిలిచిపోయింది. అసలు అల్‌స్టర్లు కొన్నే. పాత సెలూన్ (పైకప్పున్న మామూలు కారు) మీద బాడీ పీకేసి, ఆ ఆకారంలో రేకు తొడిగిన బళ్లు మాత్రం బోలెడు. నాదీ ఆ బాపతే. 81 అంగుళాల చాసీ 1931 నుంచి సెలూన్లకి వచ్చింది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లు లారీలకి టింకరింగ్ చేశాడు. వీడియో కాల్‌లో చాసీ చూపిస్తే "6 అంగుళాలు కోసి అతికిస్తే పోలా? ఒక్కరోజు పని రా" అన్నాడు. నవ్వాడు గానీ, ఆ పని నిజంగా చేసేవాళ్లున్నారు. కోసి, నంబర్ పంచ్‌తో అల్‌స్టర్ నంబరు అచ్చు వేస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఏప్రిల్

800 నంబరు నీళ్ల పేపర్‌తో తోక దగ్గర రూపాయి బిళ్లంత మేర మెల్లగా రుద్దాను. చెట్టు కాండంలో వలయాల్లా రంగులు బయటపడ్డాయి. పైన ఎరుపు, కింద మీగడ రంగు, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున ఉత్త అల్యూమినియం. డోరు పక్కన రుద్దితే మీగడ రంగుకీ ఆకుపచ్చకీ మధ్య తెల్లటి పూత తగిలింది. అంచు పట్టుకుని రుద్దుకుంటూ పోతే గుండ్రంగా తిరిగింది. లోపల నల్లరంగు చారలు. రేసు నంబరు! 4 అయ్యుండాలి. ఆ సాయంత్రం అన్నం కూడా గరాజ్‌లోనే తిన్నాను.

కాగితాలతో పాటు వచ్చిన పాత లాగ్‌బుక్ (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) అప్పుడు సరిగ్గా చదివాను. 1934లో సెలూన్‌గా రిజిస్టరైంది. 1957లో బాడీ మార్పు, టూ సీటర్, రంగు ఆకుపచ్చ అని ముద్ర పడింది. అంటే ఇది 1950ల నాటి స్పెషల్, పాత కారు విప్పి సొంతంగా కట్టుకున్న బండి. అప్పట్లో పాత సెవెన్లు చవగ్గా దొరికేవి. కుర్రాళ్లు వాటిని విప్పి 750 మోటార్ క్లబ్ రేసులకి తయారు చేసుకునేవాళ్లు. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ మొదటి కారు కూడా సెవెన్ మీద కట్టిందే. కాబట్టి రేసింగ్ చరిత్ర ఉందన్న మాట అబద్ధం కాదు. ఏ రేసు, ఎవరు తోలారు అన్నదే దొరకాలి.

దాంతో నిర్ణయం కుదిరింది. దీన్ని 1957 ఆకుపచ్చ బండిగానే నిలబెడతాను.

మే

ఈ నెలంతా చాసీయే. సెవెన్ చాసీ బోర్లించిన గాడిలా కింద తెరిచి ఉంటుంది. మెలి తిరక్కుండా స్పెషల్స్ కట్టేవాళ్లు కింద పట్టీ వెల్డింగ్ చేసి మూసేవారు. నాదీ మూసేసి ఉంది. ఫ్యాక్టరీ పద్ధతికి పోవాలంటే ఆ పట్టీ కోసేయాలి. కానీ ఈ బండికి పట్టీయే అసలైనది కదా. ఉంచాను. తంటా ఏమిటంటే, లోపల నీళ్లు నిలిచి కుడివైపు 9 అంగుళాల మేర జల్లెడయింది. ఆ ముక్క కోసి కొత్త రేకు పెట్టి, వెల్డింగ్ పక్కనే పంచ్‌తో 2025 అని కొట్టాను. నీళ్లు పోవడానికి 6 మి.మీ. రంధ్రాలు వేసి లోపల మైనం స్ప్రే కొట్టాను. కోసిన ముక్కకి నూనె రాసి, చీటీ కట్టి దాచాను.

తోక మీద రేకు చీలింది. అల్యూమినియం మెత్తబడాలంటే మామూలు బట్టల సబ్బు రాసి, వెనక నుంచి గ్యాస్ మంట చూపించాలి. సబ్బు నల్లబడగానే మంట తీసేయాలి. ఇంకో క్షణం ఆగితే రేకు కారిపోతుంది. ఒక పనికిరాని ముక్క కరిగించాకే ఇది నేర్చుకున్నాను. చీలిక అతికించాను, సొట్ట వదిలేశాను.

జూన్

క్రాంక్, అంటే పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు, పోయింది. రెండే బేరింగుల క్రాంక్, విరుగుతుందని అందరూ చెప్పే మాటే. పగుళ్లు చూసే మాగ్నెటిక్ టెస్ట్‌కి ఇస్తే మూడో పిన్ను మూల దగ్గర అల్ట్రావయొలెట్ లైటు కింద సన్నని గీత వెలిగింది. కొత్త స్టీలు క్రాంక్ వేశాను. ఇందులో నాకే మొహమాటం లేదు. విరిగితే క్రాంక్‌కేస్ కూడా పగులుతుంది.

"చాసీ ముక్క కొత్తది, క్రాంక్ కొత్తది. మరి పాతదేముందిరా?" అన్నాడు నాన్న. ఆయనకి బెంట్లీ కథ చెప్పాను. ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929లో, 1930లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. ఏటా ముక్కలు మారాయి. 1932లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌లో గోడ దాటిపోయి క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు, మళ్లీ కట్టారు. 1990లో అది అసలుదా కాదా అని లండన్ కోర్టుకెక్కింది. 1929 నాటి భాగాలు దాదాపు ఏమీ మిగల్లేదు కాబట్టి ఒరిజినల్ అనలేమని జడ్జి ఓటన్ చెప్పాడు. అయినా మధ్యలో తెగిపోకుండా ఒకటే బండిగా బతికింది కాబట్టి నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అదేనన్నాడు.

నాన్న కాసేపు ఆలోచించి, "మన లారీలన్నీ అంతేగా" అన్నాడు.

వాల్వుల సందు 4 థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టాను. శనివారం హ్యాండిల్ తిప్పితే ఏడోసారికి అందుకుంది. హెడ్ గాస్కెట్ దగ్గర నీళ్లు చెమ్మగిల్లుతున్నాయి, మళ్లీ విప్పాలి. డ్యాష్‌బోర్డు మీద అల్‌స్టర్ అని ఉన్న ఇత్తడి బిళ్ల ఊడదీశాను. 4 స్క్రూ రంధ్రాలు మిగిలాయి, పూడ్చలేదు.