పెంటనాల్ పడే దాకా పాలే

బెత్లెహేం పెన్సిల్వేనియాలో ఒక ఉక్కు ఊరు. 1995లో ఉక్కు తయారీ ఆగిపోయినా బ్లాస్ట్ ఫర్నేసులు ఇంకా నిలబడే ఉన్నాయి. నేను వచ్చింది మాత్రం పాలిమర్ల కోసం, అంటే చిన్న అణువులు గొలుసుల్లా ముడిపడి ఏర్పడే ప్లాస్టిక్ లాంటి పదార్థాల కోసం. ఇక్కడి లీహై విశ్వవిద్యాలయంలో ఆ పని దశాబ్దాల నాటిది.

నా వంతుకు మైక్రోఎమల్షన్ వచ్చింది: నూనె అతి చిన్న బిందువులుగా నీళ్ళలో చెదిరి, తేటగా కనిపించే మిశ్రమం. నీళ్ళలో ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి సర్ఫాక్టెంట్ కరిగించి, ప్లాస్టిక్‌కి ముడిసరుకైన స్టైరీన్ అనే నూనె కలిపితే పాలలా తెల్లబడుతుంది. అందులో పెంటనాల్ అనే ఆల్కహాల్ చుక్కచుక్కగా వేస్తూ కలుపుతుంటే, ఏదో ఒక చుక్కకి మొత్తం తేటపడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. నూనె బిందువు చుట్టూ పొరగా చేరే ఎస్‌డీఎస్ అణువుల తలలన్నిటిదీ రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పెంటనాల్ వాటి మధ్య దూరి ఆ వికర్షణ తగ్గిస్తుంది, పొరను సులువుగా వంగేలా చేస్తుంది. అప్పుడు నూనెకీ నీటికీ మధ్య తలతన్యత దాదాపు సున్నాకి దిగిపోతుంది.

70 డిగ్రీల దగ్గర స్టైరీన్ అణువులను గొలుసు కట్టించే పొటాషియం పర్‌సల్ఫేట్ వేశాక అసలు కథ మొదలవుతుంది. స్టైరీన్ పెంటనాల్‌తో బాగానే కలుస్తుంది గానీ, అలా తయారయ్యే పాలీస్టైరీన్ అందులో కరగదు. మోనోమర్ (గొలుసు కట్టని స్టైరీన్) ఖర్చయ్యేకొద్దీ పాలీస్టైరీన్‌కీ పెంటనాల్‌కీ పొసగదు, తేటనీరు నీలిమసకగా మారుతుంది. కణాలు 20–40 నానోమీటర్లు, ఒక్కోదానిలో గొలుసులు కొన్నే, అణుభారం మాత్రం పది లక్షలు దాటుతుంది. మైక్రోఎమల్షన్‌ను నిలబెట్టిన ఆల్కహాలే పాలిమర్‌కి ఇబ్బంది కావడం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

మెక్సికోలోని గ్వాదలహారా నుంచి వచ్చిన సహోద్యోగికి మాత్రం ఆ బెడద లేదు. అతను డీటీఏబీ అనే ధనావేశపు సర్ఫాక్టెంట్ వాడతాడు. దానికి ఆల్కహాల్ తోడు అక్కర్లేదు. రాత్రిళ్ళు ఇద్దరం పక్కపక్క హుడ్ల (ఆవిర్లు లాగేసే గూళ్ళ) దగ్గర నిలబడి, శాంపిళ్ళు తీసి హైడ్రోక్వినోన్‌లో వేసి రియాక్షన్ ఆపుతుంటాం. ఇండియాలో అప్పటికి తెల్లారుతుంది, నాన్న ఫోన్ చేస్తారు.

"ఇది రంగుల్లోకి పనికొస్తుందా నాయనా?" అని అడిగారు ఒకసారి. ఇంత సూటి ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగలేదు. నా మిశ్రమంలో స్టైరీన్ 5 శాతం ఉంటే సర్ఫాక్టెంట్ 9 శాతం. ప్లాస్టిక్ కంటే సబ్బే ఎక్కువ! ఆ సబ్బు పూతలో మిగిలిపోతే తడి పీల్చుకుంటుంది. "ఇంకా లేదు నాన్నా" అన్నాను.

ఇప్పుడు మోనోమర్ అంతా ఒకేసారి పోయకుండా, నెమ్మదిగా అందిస్తూ కణాలను పెంచుతున్నాం. సర్ఫాక్టెంట్ పెంచకుండానే పాలిమర్ వాటా పెరుగుతుంది. ఈ పద్ధతిలో పెంటనాల్ ఎంతవరకు తగ్గించినా తేట నిలుస్తుందో తేల్చడమే ఈ చలికాలం నా పని.