గిన్నెకు అయస్కాంతం అంటితే ఏం తెలిసినట్టు?

బేగంబజార్‌లో స్టీలు సామాన్లు కొనడానికి చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లేవాళ్లు చాలామంది. అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే అసలు స్టీలు అని వాళ్ల లెక్క. ఆ లెక్క సగమే నిజం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అంటుకోదు, సరే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే చవక 202 రకం కూడా అంటుకోదు. ఇక ఇండక్షన్ గిన్నెల అడుగున మామూలుగా వేసేది అంటుకునే 430 రకమే.

304లో దాదాపు 70 శాతం ఇనుమే. మరి అయస్కాంతానికి ఎందుకు లొంగదు?

ఇనుప పరమాణువులో 3డి అనే కక్ష్యలో జతలేని ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటివల్ల ఒక్కో పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. అదొక్కటే చాలదు, మాంగనీసుకూ అవి ఉన్నాయి. పక్కపక్క పరమాణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలవాలి. వాటిని అలా నిలబెట్టేది ఆ బుల్లి అయస్కాంతాల ఆకర్షణ అనుకుంటారు గానీ, దాని బలం ఒక కెల్విన్ (సుమారు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్) వేడికే చెదిరిపోయేంత. 1907లో ఫ్రెంచి శాస్త్రవేత్త వైస్ లోహం లోపల చాలా బలమైన క్షేత్రం ఉందని ప్రతిపాదించాడు. దాని మూలాన్ని 1928లో జర్మన్ శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ చెప్పాడు. పౌలీ నియమం వల్ల ఒకే స్పిన్ (అంటే అయస్కాంత దిక్కు) ఉన్న రెండు ఎలక్ట్రాన్లు దగ్గరికి రాలేవు. ఎడంగా ఉంటే వాటి మధ్య విద్యుత్ వికర్షణ తగ్గి, శక్తి ఆదా అవుతుంది. అంటే ఇనుములో ఈ కట్టుబాటు తెచ్చేది విద్యుత్ బలం! ఈ విషయంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

అన్నీ ఒకే దిక్కుకు నిలిచే ఈ పొత్తు పరమాణువుల అమరికను బట్టి కుదురుతుంది. మామూలు ఇనుములో పాచిక లాంటి ఘనం మూలల్లోనూ నట్టనడుమా పరమాణువులుంటాయి. 304లో మూలల్లోనూ ఆరు ముఖాల మధ్యలోనూ ఉంటాయి, అక్కడ పొత్తు కుదరదు. ఐతే రేకును గిన్నెగా నొక్కినప్పుడు మలుపుల దగ్గర కొంత భాగం మార్టెన్‌సైట్‌గా, అంటే అయస్కాంతానికి లొంగే అమరికగా మారుతుంది. అందుకే మంచి 304 గిన్నె కూడా అడుగు మలుపులో కాస్త లాగుతుంది. అది చూసి దుకాణదారుతో గొడవకు దిగకండి.

వేడి ఎక్కువైతే ఈ పొత్తు చెదురుతుంది. ఇనుముకు 770 డిగ్రీల సెల్సియస్, నికెల్‌కు సుమారు 358. దీన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఇంట్లోనే చూడొచ్చు. కుట్టు సూది బెజ్జంలో సన్నని రాగి తీగ దూర్చి వేలాడదీయండి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికే, స్పీకర్లలో వాడే ఫెరైట్ అయస్కాంతపు రింగును పక్కన పెట్టండి. సూది దానివైపు వాలాలి, తాకకూడదు. తాకితే వేడంతా రింగులోకి పోతుంది. జెట్ లైటర్ మంటను రింగు మీదికి పోకుండా పక్కనుంచి పట్టండి. సూది కింది సగం ఎర్రబడగానే వదిలేసి నిటారుగా వేలాడుతుంది, మంట తీసిన రెండు మూడు సెకన్లకు మళ్లీ వాలుతుంది. మొన ఒక్కటే కాలితే పై భాగం లాగుతూనే ఉంటుంది, ప్రయోగం కుదరదు. మామూలు నియోడిమియం అయస్కాంతం వాడొద్దు, 80 డిగ్రీలు దాటితే దాని బలం కొంత పోయి, చల్లారినా తిరిగి రాదు.

లాగబడడం వేరు, తానే అయస్కాంతంగా నిలవడం వేరు. ఇనుములో పొత్తు కుదిరిన చిన్న చిన్న ప్రాంతాలుంటాయి, వాటినే డొమైన్లంటారు. ఒక్కోటి ఒక్కో దిక్కుకు చూడడంతో కొత్త మేకు మరో మేకును ఎత్తదు. అయస్కాంతంతో ఒకే దిక్కుకు 40 సార్లు రుద్దితే డొమైన్ల మధ్య గోడలు (సరిహద్దులు) జరిగి అన్నీ ఒక దారికొస్తాయి. మెత్తని బైండింగ్ వైరులో గోడలు సులువుగా వెనక్కి జరిగిపోతాయి, గట్టి సూదిలో చిక్కుకుని ఆగిపోతాయి. రుద్దిన సూదిని కాల్చి, రింగుకు దూరంగా చల్లార్చండి. అది రింగుకు అంటుకుంటుంది గానీ గుండుసూదిని ఎత్తలేదు. మెల్లగా చల్లారితే మెత్తబడుతుంది కాబట్టి మళ్లీ రుద్దినా మునుపటి పట్టు రాదు. ఆ పట్టు మళ్లీ రావాలంటే ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచి, ఆ తర్వాత రుద్దాలి.