లౌగర్‌దాల్‌లో జరగని మ్యాచ్

ఐస్‌లాండ్ వెళ్తున్నానంటే అందరూ నార్తర్న్ లైట్స్ గురించే అడిగారు. జూన్‌లో అక్కడ సరిగ్గా చీకటే పడదు, ఇంక లైట్లెక్కడివి! నాకు రాజధాని రేక్యావిక్‌లో చూడాలని ఉన్నది ఒక ఫుట్‌బాల్ మైదానం.

లండన్ క్లబ్ చెల్సీ మ్యాచ్‌ల కోసం రాత్రుళ్ళు టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ఐస్‌లాండ్ ఆటగాడు ఎయిదుర్ గుడ్యోన్సన్ గుర్తుండే ఉంటాడు. 2003లో లీడ్స్ మీద గాల్లోకి లేచి తలకిందులుగా కొట్టిన గోల్ ఒక్కటి చాలు. చెల్సీతో రెండు లీగ్ టైటిళ్ళు, 2009లో బార్సిలోనాతో ఛాంపియన్స్ లీగ్, దేశానికి 88 మ్యాచ్‌ల్లో 26 గోల్స్. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను అక్కడిదాకా లాక్కెళ్ళింది మాత్రం ఆయన ఆడని మ్యాచ్.

లౌగర్‌దాల్ జాతీయ స్టేడియం సిటీ బస్సులో వెళ్ళేంత దగ్గరే. ఉప్పల్ చూసిన కళ్ళకు జిల్లా కేంద్రంలో మైదానంలా అనిపించింది. రెండు పక్కలా స్టాండ్లు, గోల్ పోస్టుల వెనక ఖాళీ, మొత్తం పదివేల లోపు సీట్లు. దేశ జనాభాయే నాలుగు లక్షలకు అటూఇటూ కాబట్టి అది తక్కువేం కాదు. బయట ఆల్బర్ట్ గుడ్‌ముండ్‌సన్ విగ్రహం ఉంది. ఆ దేశపు మొదటి ప్రొఫెషనల్ ఆటగాడు, ఆర్సెనల్‌కూ ఏసీ మిలాన్‌కూ ఆడాడు, తర్వాత ఆర్థిక మంత్రి కూడా అయ్యాడు. ఆయన మునిమనవడు, అదే పేరుతో, ఇప్పుడు జాతీయ జట్టు ఆటగాడు. ఇక్కడ ఫుట్‌బాల్ ఇంటి వృత్తిలా నడుస్తుందని అప్పుడే అర్థమైంది.

ఎయిదుర్ కథా అంతే. తండ్రి ఆర్నోర్ బెల్జియంలో అండర్‌లెక్ట్‌కు ఆడిన స్టార్. కొడుకు పుట్టేనాటికి ఆయనకు పదిహేడేళ్ళు. ఆ కొడుకుకు పదిహేడేళ్ళు వచ్చాక, 1996 ఏప్రిల్ 24న, ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఐస్‌లాండ్ స్నేహపూర్వక మ్యాచ్ ఆడింది. రెండో సగంలో తండ్రి బయటికి వచ్చాడు, ఆయన స్థానంలో కొడుకు లోపలికి వెళ్ళాడు. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అలాంటిది అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇద్దరినీ కలిపి ఆడించొచ్చు కదా? ఆ ముచ్చట సొంతగడ్డ మీద, సొంత జనం ముందు జరగాలని ఫెడరేషన్ పెద్దల ఆశ. జూన్‌లో మాసిడోనియాతో ఇదే లౌగర్‌దాల్‌లో మ్యాచ్ ఉంది మరి.

ఈలోగా ఐర్లాండ్‌తో అండర్-18 మ్యాచ్‌లో ఎయిదుర్ చీలమండ విరిగింది. చాలాకాలం ఆటే లేదు. అప్పటికి ఆడుతున్న డచ్ క్లబ్ పీఎస్‌వీ వదిలేసింది. సొంతూరి క్లబ్ కేఆర్ రేక్యావిక్‌లో మళ్ళీ కాళ్ళు కూడదీసుకుని 1998లో ఇంగ్లండ్ క్లబ్ బోల్టన్ చేరాడు. జాతీయ జట్టులోకి తిరిగొచ్చేసరికి తండ్రి తప్పుకున్నాడు. నన్నడిగితే టాలిన్‌లో పది నిమిషాలు కలిపి ఆడించేయాల్సింది. మంచి ముహూర్తం కోసం ఆగితే అంతే!

స్టేడియం పక్కనే భూమిలోంచి వచ్చే వేడినీళ్ళతో నడిచే పెద్ద ఈతకొలను ఉంది. లోపలికి వెళ్ళే ముందు అందరి ఎదుటా బట్టల్లేకుండా స్నానం చేయడం తప్పనిసరి. మనవాళ్ళకు అది చిన్న టెన్షన్ కాదు. ఆ గండం దాటి వేడి తొట్టిలో దిగితే ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే. నేను ఎయిదుర్ పేరెత్తగానే పక్కనున్న పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఆర్నోరే గొప్ప ఆటగాడు అన్నాడు. 1984 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్లో టాటెన్‌హామ్ మీద ఆర్నోర్ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసిన సంగతి గుర్తుచేద్దామనుకున్నా గానీ, నీళ్ళలో గొడవెందుకని ఊరుకున్నా. 2016లో ఎయిదుర్ మన ఇండియన్ సూపర్ లీగ్ జట్టు పుణె సిటీతో ఒప్పందం చేసుకుని, గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే దూరమయ్యాడని చెప్తే మాత్రం ఆశ్చర్యపోయాడు. ఆ ఏడాది అనగానే ఆయనకు యూరప్ దేశాల టోర్నీ యూరో గుర్తొచ్చింది. ముప్పై ఏడేళ్ళ ఎయిదుర్, ఐస్‌లాండ్‌కు అదే మొదటి పెద్ద టోర్నీ, ఫ్రాన్స్ చేతిలో 5-2తో ఓడిన రాత్రి చివర్లో దిగడం. అది చెప్పేటప్పుడు ఆర్నోర్ ఊసే రాలేదు.

వెళ్ళే ముందు ఆ పెద్దాయనే ఇంకోటి చెప్పాడు. 2021 అక్టోబర్‌లో లీచ్‌టెన్‌స్టెయిన్‌తో మ్యాచ్‌కు ఆయన ఆ స్టాండ్లోనే ఉన్నాడట. ఎయిదుర్ పెద్దకొడుకు స్వెయిన్ ఆరోన్ బంతి అందించాడు, తమ్ముడు ఆండ్రి లూకాస్ గోల్ కొట్టాడు. అసిస్టెంట్ కోచ్‌గా ఎయిదుర్ మైదానం గీత పక్కనే ఉన్నాడు.