జమ్మలమడుగు నుంచి ఆరె గండికి: అమ్మతో రెండు రోజులు

అమ్మ జ్యూరిక్ వచ్చిన వారానికే అడిగింది, "మంచు కొండలు సరే గానీ, నీళ్ళు పడే చోట్లు ఏమన్నా ఉన్నాయా నాయనా?" అని. ఆమెకు 64 ఏళ్ళు. కుడి మోకాలు అరిగిందని డాక్టర్ చెప్పి మూడేళ్ళయింది. ఇక్కడ చాలా జలపాతాలు చూడాలంటే ఎంతో కొంత కొండదారిలో నడవాల్సిందే. ఆమె అడిగిన క్షణం నుంచి నాకు సంతోషం, టెన్షన్ రెండూ మొదలయ్యాయి.

స్విట్జర్లాండ్‌లో నడక దారుల బోర్డులు పసుపు రంగులో ఉంటాయి. ఒట్టి పసుపు బోర్డు అంటే మామూలు దారి. దాని కొసన తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండదారి, నిటారుగా, ఇరుకుగా ఉండొచ్చు. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే అది అనుభవం ఉన్నవాళ్ళకే. అమ్మతో వెళ్ళేది ఒట్టి పసుపు దారుల్లోనే అని ముందే గట్టిగా అనుకున్నాను. ఆ బోర్డుల మీద దూరం రాయరు, పట్టే సమయం రాస్తారు. చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల నడక లెక్కన, మధ్యలో ఎక్కడా ఆగకుండా పట్టే సమయం అది. మరి అమ్మ నడక ఎంత?

తెలుసుకోవడానికి ఇంటి దగ్గర చెరువు గట్టున మూడు సాయంత్రాలు ఆమెతో నడిచాను. ఫోన్లో టైమ్ చూస్తున్నానని ఆమెకు చెప్పలేదు. కిలోమీటరుకు దాదాపు అరగంట పట్టింది, బెంచీ కనబడితే కూర్చోవడం, పూలు చూడటం అన్నీ కలిపి. అంటే బోర్డు మీద ఎంత ఉంటే మాకు అంతకు రెట్టింపు. ఈ ఒక్క లెక్క తెలిశాక ప్లాన్ వేయడం చాలా తేలికయింది. అమ్మానాన్నల్ని ఇక్కడికి తీసుకొచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట కూడా ఇదే.

జూన్ మొదటి వారంలో బయల్దేరాం. ఆ రోజుల్లో మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి నీళ్ళు జోరుగా పడతాయి. ఇంటర్‌లాకెన్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. అక్కడి నుంచి లౌటర్‌బ్రునెన్‌కు 20 నిమిషాల రైలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ రైలు త్స్వైలూచినెన్ స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది, సగం లౌటర్‌బ్రునెన్‌కు, సగం గ్రిండెల్‌వాల్డ్‌కు. ఎక్కే ముందే పెట్టె మీద ఊరి పేరు చూసుకోవాలి.

లౌటర్‌బ్రునెన్‌లో దిగగానే అమ్మ మాట్లాడటం మానేసింది. రెండు వైపులా గోడల్లాంటి సున్నపురాతి కొండలు. ఊరి మీదికే పడుతున్నట్టు ష్టౌబ్‌బాఖ్ జలపాతం. ఎత్తు 297 మీటర్లు. మన తలకోన 82 మీటర్లు, అంటే దానికి మూడున్నర రెట్లు. అంత ఎత్తు నుంచి పడేసరికి నీళ్ళు మధ్యలోనే తుంపరలై గాలికి పక్కకు జరుగుతుంటాయి. జర్మన్‌లో ష్టౌబ్ అంటే దుమ్ము, బాఖ్ అంటే వాగు. పేరు చెబితే అమ్మ, "అవును, తూర్పారబట్టినట్టే ఉంది" అంది. కళ్ళంలో వడ్లు ఎగరబోస్తే పొట్టు గాలికి ఎలా పోతుందో, అచ్చం అలాగే ఉంది.

ఒకప్పుడు ఈ లోయ నిండా పెద్ద హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు ప్రవాహం, ఉండేది. అది లోయను లోతుగా కోసేసింది. పక్క వాగులు అంత లోతుగా కోసుకోలేక పైనే ఉండిపోయాయి. అందుకే ఈ ఒక్క లోయలోనే 72 జలపాతాలున్నాయంటారు.

నా తప్పు అక్కడే జరిగింది. ష్టౌబ్‌బాఖ్ వెనకవైపు రాతిలో తొలిచిన చిన్న గ్యాలరీ ఉంది, నీటి తెర వెనక నిలబడి చూడొచ్చు. పావుగంట ఎక్కితే చాలు అనుకున్నాను. నిమిషాలు లెక్క వేశాను గానీ దారి ఎంత నిటారుగా ఉందో చూడలేదు. సగం ఎక్కాక అమ్మ ఆగి, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, "పోదాం పద, ఏం కాలేదు" అంది. ముఖం చూస్తే తెలిసిపోయింది. వెనక్కి తిరిగాం. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి ఎక్కువ నొప్పి అని ఆ పది నిమిషాల్లో కళ్ళారా చూశాను. ఆమె ఒక్కో అడుగూ పక్కకు తిరిగి వేస్తుంటే నా గుండె పిండేసినట్టయింది. కింద ఎర్ర బెంచీ మీద కూర్చుని, డబ్బా మూత తీసి పులిహోర నాకే ముందు పెట్టింది. "నువ్వు దిగులు పడకు, నాకు కింద నుంచి బాగా కనపడింది" అంది.

అక్కడి నుంచి ట్రుమ్మెల్‌బాఖ్‌కు మూడు కిలోమీటర్లు, చదునైన దారి. నడుద్దామనే అనుకున్నాం గానీ మోకాలి సంగతి చూసి బస్సు ఎక్కాం.

ట్రుమ్మెల్‌బాఖ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అది కొండ లోపల ఉన్న జలపాతం. ఒకటి కాదు, పది. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మంచు కరిగిన నీళ్ళు ఆ ఒక్క చీలిక గుండా కిందికి దిగుతాయి. జోరు మీదున్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా పోతాయట. కొండలో తొలిచిన సొరంగంలో లిఫ్ట్ ఉంది, ఆరో జలపాతం దగ్గరికి తీసుకెళ్తుంది. మిగతా నాలుగూ చూడాలంటే పైకి మెట్లెక్కాలి. చాలామంది లిఫ్ట్‌లో వెళ్ళి మెట్లు దిగుతూ వస్తారు. మేం లిఫ్ట్‌లోనే దిగుదామని ముందే అనుకున్నాం. నాలుగేళ్ళలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు, చిన్నపిల్లలున్న వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే హోరు. పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. నీళ్ళు తిన్నగా పడవు. రాతిని గుండ్రంగా తొలుచుకుని, కవ్వం తిప్పినట్టు సుడి తిరుగుతూ దూకుతాయి. రెయిలింగ్ మీద వరసగా నీటి బొట్లు, పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. అమ్మ కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ పట్టింది. ఇక వాటిని చేతిలోనే పట్టుకుని, రెండో చెయ్యి చాచి గోడ రాతికి ఆనించింది. అలాగే కాసేపు ఉండి, నా చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టింది. కొండ అదురుతోంది. సన్నగా, ఆగకుండా, ఒంట్లోకి పాకేలా.

పైన నాలుగూ నన్ను చూసి రమ్మంది. నేను వెళ్ళలేదు. ఆమెను అక్కడ ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

ఆ రాత్రి మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టాను. రెండో రోజు ప్లాన్‌లోంచి రైఖెన్‌బాఖ్ జలపాతం తీసేశాను. ఆరె నది కోసిన గండి ఒక్కటే ఉంచాను.

ఇంగ్లిష్‌లో గార్జ్, జర్మన్‌లో ష్లుఖ్ట్ అనేదాన్ని మా వైపు గండి అంటారు. అమ్మది జమ్మలమడుగు. పెన్న ఎర్ర రాళ్ళను కోసుకుంటూ పోయే గండికోట ఆమె పుట్టింటికి పెద్ద దూరం కాదు. చిన్నప్పుడు బండి కట్టుకుని పోయి, కోట అంచున నిలబడి కిందికి చూసేవాళ్ళమని చాలాసార్లు చెప్పింది. అంచు దాకా పోతే వాళ్ళ నాన్న జడ పట్టుకుని వెనక్కి లాగేవాడట. అందుకే నాకు ఆరె గండి మీద ఆశ ఎక్కువ.

ఇంటర్‌లాకెన్ నుంచి మైరింగెన్‌కు రైలు బ్రియెంజ్ సరస్సు ఒడ్డునే పోతుంది. అక్కడ చిన్న రైలు మారితే గండి పడమటి వాకిలి దగ్గర దిగొచ్చు. గండి పొడవు 1.4 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 200 మీటర్ల దాకా. 1888 నుంచి జనం ఇందులో నడుస్తున్నారు. రాతి గోడకు బిగించిన చెక్కబాట, మధ్యమధ్య చిన్న సొరంగాలు. దాదాపు అంతా చదునే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళను తీసుకెళ్ళడానికి నేను చూసినవాటిలో ఇంతకంటే మంచి చోటు లేదు. జూన్‌లో కూడా స్వెటర్, రెయిన్‌కోట్ మాత్రం ఉండాలి, లోపలికి ఎండ రాదు.

నీళ్ళు బూడిద కలిపిన ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. హిమానీనదం రాతిని పిండిలా నూరితే ఆ పిండి నీళ్ళలో తేలుతూ వచ్చే రంగు అది. ఒకచోట రెండు గోడలూ మీటరు దూరానికి వచ్చేశాయి. అమ్మ చేతులు రెండు పక్కలకూ చాపి, రెండు గోడల్నీ ఒకేసారి తాకింది. తల పైకెత్తితే ఆకాశం చీర అంచంత సన్నగా ఉంది.

"గండికోటలో ఎప్పుడూ పైనుంచి చూడటమే రా," అంది. "కింద నీళ్ళ పక్కన ఎట్లా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది."

ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

తూర్పు వాకిలి దాటి నది మీది వంతెన మీదుగా పోతే రైలు ఆగే చోటు ఉంది. అది కొండ సొరంగం లోపల ఉంటుంది. బయటికి కనిపించేది రాతిలో ఒక తలుపు మాత్రమే, రైలు వచ్చి ఆగినప్పుడే తెరుచుకుంటుంది. ఆ తలుపు చూసి అమ్మ చిన్నపిల్లలా ముచ్చటపడింది. రైలుకు ఇంకా పది నిమిషాలుంది. ఆమె వెనక్కి తిరిగి గండి వైపు చూసింది.

"మళ్ళీ అటు నుంచే నడిచిపోతే ఎంతసేపు రా?"

"మామూలుగా 40 నిమిషాలమ్మా. మనకు గంటా ఇరవై."

"మోకాలు బాగానే ఉంది. రైలు పోనీ."

చేతికర్ర నేను తీసుకున్నాను. ఆమె నా కంటే ముందే వంతెన ఎక్కింది.