కళ్లు బాగానే ఉన్నాయండి

మొన్న అంబాజీపేటలో ఒక పెళ్లికి వెళ్లాం. పనసపొట్టు కూర రెండోసారి వడ్డిస్తున్నారు. ఎదురు బంతిలో కూర్చున్న పెద్దాయన ఒకాయన మా మావయ్యని అడగనే అడిగాడు: "ఏవయ్యా, లారీ మానేశావంట? కళ్లేవన్నా ఇబ్బందా?"

మూడేళ్లుగా ఇదే ప్రశ్న. ఒకరు కళ్లంటారు, ఒకరు షుగరంటారు, ఇంకొకరు గొంతు తగ్గించి "నాగపూర్ అవతల ఎవర్నో గుద్దేశాడంటగా" అంటారు. మావయ్య ఈసారి తలెత్తలేదు. కూరలో వేలు తిప్పుతూనే "కళ్లు బాగానే ఉన్నాయండి. మీది విగ్గని ఇక్కణ్నుంచే తెలుస్తుంది" అన్నాడు. బంతి బంతంతా నవ్వు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

మాది కొబ్బరి సీమ. కాయ రాలిపడితే ఎవరూ ఎందుకని అడగరు. దింపు వాళ్లొచ్చి కోసి పడేసినా అడగరు. కాయే చెట్టు దిగి నడుచుకుంటూ వచ్చిందంటే మాత్రం ఊరు ఊరంతా చుట్టూ మూగుతుంది. మావయ్యది ఆ కేసు.

నాకు ఇలాంటి కాయ మొదట ఎదురైంది ఫార్ములా వన్ కారు రేసుల డ్రైవరు సెబాస్టియన్ వెట్టెల్ రూపంలో. నవ్వకండి. 2008 సెప్టెంబర్‌లో ఇటలీలోని మోంజాలో రేసు, జోరువాన. టోరో రోసో అనే చిన్న టీము బండి వేసుకుని 21 ఏళ్ల కుర్రాడు అందరికంటే ముందొచ్చేశాడు. ఆదివారం మా ఇంట్లో టీవీ సినిమాకే అంకితం కాబట్టి ఆ రేసు నేను మా వీధి చివర సెల్ రీచార్జ్ కొట్లో చూశాను. కొట్టాయన మధ్యమధ్యలో క్రికెట్ స్కోరు కోసం ఛానల్ మారుస్తున్నా సరే, వదల్లేదు. 2010 నుంచి 2013 దాకా వరసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు నావోడు. ఆ నాలుగేళ్లూ నాకు కాలు నేల మీద ఆనలేదు.

మా మావయ్యకి ఇవేవీ తెలియవు. ఆయనకి పది చక్రాల లారీ ఒకటి సొంతానికి ఉండేది. అంబాజీపేటలో వలిచిన కాయ గోతాలు ఎత్తించుకుని, పట్టా కప్పి, తాడు బిగించి, రావులపాలెం దగ్గర హైవే ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు. నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ. మాకు మ్యాపులో ఉన్న ఊళ్లు ఆయనకి దాబాల పేర్లు.

2013 అక్టోబర్ 27, ఆదివారం. ఆ వారమంతా ఇక్కడ వానలే వానలు, ఈనిన చేలన్నీ నీళ్లలో పడుకున్నాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో, బుద్ధ్ సర్క్యూట్ అనే ట్రాక్ మీద ఇండియన్ గ్రాండ్ ప్రి రేసు. వెట్టెల్ నాలుగో టైటిల్ ఆ రోజే తేలేలా ఉంది. సరిగ్గా చివరి ల్యాపుల్లో కరెంటు పోయింది. తల బాదుకుంటుంటే ఫోన్ మోగింది. మావయ్య.

"ఒరేయ్ అల్లుడూ, ఆజాద్‌పూర్‌లో సరుకు దింపేసి యమునా ఎక్స్‌ప్రెస్ వే మీద వస్తన్నానురా. ఇక్కడేదో మోత. తేనెపట్టు మీద రాయేసినట్టుంది. మన బండి మోతలోంచి కూడా వినపడతంది."

"మావయ్యా, అది నా రేసే!"

"ఏం రేసు? గుర్రాలా?"

ఆపకూడని చోట బండి ఆపి, ఫోన్ కిటికీలోంచి బయటికి పెట్టి పట్టుకున్నాడు. నాకు వినపడిందల్లా గాలి, పక్కనించి దూసుకుపోయే కార్లు, వాటి వెనక ఎక్కడో సన్నగా సాగి సాగి తెగిపోయే ఒక గీర. నిమిషానికి 18,000 సార్లు తిరిగే వీ8 ఇంజన్లకి అదే ఆఖరి ఏడాది. మరుసటి ఏడు నుంచి టర్బో ఇంజన్లొచ్చాయి, ఆ మోత తగ్గిపోయింది. రేసు కూడా మళ్లీ మన దేశానికి రాలేదు. ఇక్కడ జరిగినవి మూడే, మూడూ వెట్టెలే గెలిచాడు. అందులో ఆఖరిది నేను చీకట్లో నిలబడి మావయ్య నోకియా ఫోన్‌లో విన్నాను.

కరెంటొచ్చాక చూశాను. వెట్టెల్ బండిని స్టాండ్ల ముందు గిరగిరా తిప్పి, పొగలోంచి దిగి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని వంగి దణ్ణం పెట్టాడు. బండిని నిలపాల్సిన చోట నిలపలేదని ఆయన్ని మందలించి, టీముకి 25,000 యూరోలు జరిమానా వేశారు. మావయ్య ఇంటికొచ్చాక ఇదంతా చెప్పాను. దణ్ణం ఆయనకి వింతగా అనిపించలేదు. దసరాకి గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగ్‌కి బొట్టు పెట్టే మనిషి కదా. జరిమానా దగ్గరే ఆగిపోయాడు.

"దణ్ణం పెట్టుకుంటే ఫైనేంట్రా?"

"దణ్ణానికి కాదు మావయ్యా, బండి అక్కడ వదిలేసినందుకు."

"ఓస్, పార్కింగ్ చలానా!"

తర్వాత సంగతి త్వరగా కానిచ్చేస్తాను, చెప్పుకోవడానికి నాకే బాధ. వెట్టెల్ ఫెరారీ టీములో ఆరేళ్లున్నాడు, టైటిల్ రాలేదు. 2018లో హాకెన్‌హైమ్‌లో, సొంత దేశం జర్మనీలో, ముందున్నవాడు ముందున్నట్టే చిన్న తుంపరకి జారి గోడకి తగిలాడు. మోంజాలో జోరువానలో గెలిచినవాడు! లాకుల దగ్గర గట్టు రోడ్డు మీద నాలుగు చినుకులు పడినప్పుడు బండి ఎలా జారుతుందో తెలిసినవాళ్లు ఆ రోజు నాతో కలిసి ఏడ్చే ఉంటారు. అసలు వాన కన్నా అదే ప్రమాదం.

2022 జులైకి వద్దాం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. ఆ ఏడు 25 లక్షలు దాటింది. మావయ్య వాళ్లది లంక. ఇంట్లోకి కిటికీ దాకా నీళ్లు. గేదెలతో సహా అందరూ ఏటిగట్టెక్కారు. లారీ కూడా అక్కడే. దాని పక్క కొక్కేలకి పట్టా కట్టి, రెండో కొస వెదురు బొంగులకి లాగి, మావయ్య నాలుగు కుటుంబాలకి నీడ చేశాడు. లారీ వాళ్లు తాడు బిగించే ముడి ఒకటుంది. మెలేసి, అందులోంచి లూపు తీసి, ఒంటి బరువంతా వేసి లాగుతారు. ఎంత లాగితే అంత కరుస్తుంది. విప్పాలంటే మాత్రం కొస పట్టుకుని ఒక్క గుంజు. ఆ ముడి ఎంత చూసినా నా చేతికి రాలేదు.

నీళ్లు తీశాక ఇల్లు కడగడానికి వెళ్లాం. రోజుల తరబడి పారతో ఒండ్రు ఎత్తడమే. 28వ తారీఖు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోన్ తీస్తే కనపడింది. వెట్టెల్ ఈ ఏడాదితో చాలిస్తున్నాడట. అప్పటిదాకా సోషల్ మీడియా మొహం చూడనివాడు ఆ మాట చెప్పడానికే ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు మావయ్య, నా మొహం చూసి.

"పోలేదు. మానేస్తున్నాడు. నువ్వు నాకు ఫోన్‌లో మోత వినిపించావే, వాడు."

"ఎన్నేళ్లు?"

"35."

"పిల్లలా?"

"ముగ్గురు."

పార కడుక్కుంటూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి "ఉన్నోడు, మానేస్తాడు" అన్నాడు. అది మెచ్చుకోలో, ఏడుపో నాకు తెలియలేదు.

నవంబర్ 20న అబుదాబిలో ఆఖరి రేసు. మనకి సాయంత్రం 6:30కి. అంతకు ముందు రోజే లోడు దింపి వచ్చిన మావయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వెట్టెల్ తొమ్మిదో స్థానంలో మొదలుపెట్టాడు. చుట్టూ చాలామంది రెండుసార్లు టైర్లు మారుస్తుంటే వీళ్ల టీము ఒక్కసారితో సరిపెట్టింది. అరిగిన టైర్లతో ముందున్న రికార్డో అనే డ్రైవర్ని వెంటపడి వెంటపడి, దాటలేక పదో స్థానంలో ముగించాడు. ఒక్క పాయింటు. నాలుగు టైటిళ్లు, 53 విజయాలు ఉన్నవాడికి ఆఖరి రోజు చేతిలో పడ్డది అది. ఇంకొక్క బండిని దాటి ఉంటే వీళ్ల టీము ఆస్టన్ మార్టిన్ ఆ ఏడాది టీముల పట్టికలో ఏడో స్థానం నుంచి ఆరుకి ఎక్కేది. ఆరులో ఉన్న ఆల్ఫా రోమియో టీముదీ వీళ్లదీ చెరి 55 పాయింట్లే.

మావయ్య రేసంతా టైర్లే చూశాడు. "రీబటన్ టైర్లేసి ఘాటెక్కించినట్టు, ఆ పిల్లోణ్ని ఆఖరి ట్రిప్పులో కూడా ఏడిపిస్తారేంట్రా" అని విసుక్కున్నాడు. వెట్టెల్ మళ్లీ బండి గిరగిరా తిప్పినప్పుడు "ఈసారి చలానా వేస్తారా?" అని అడిగాడు.

సంక్రాంతికి ముందు మావయ్య లారీ అమ్మేశాడు. అత్తయ్యకి చెప్పకుండా.

ఇక్కడ ఒక మాట. పాత తరం ఫార్ములా వన్ డ్రైవరు జాకీ స్టూవర్ట్ 1973లో ఆ ఏడాదితో మానేద్దామని సీజన్ మొదట్లోనే అనుకున్నాడు. భార్యకి కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ ప్రతి రేసుకీ ఇంకెన్ని మిగిలాయా అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుందని. వందో రేసుతో ముగిద్దామనుకుంటే, వాట్కిన్స్ గ్లెన్‌లో ప్రాక్టీసులోనే తన టీములో తమ్ముడిలాంటి ఫ్రాన్సువా సెవర్ చచ్చిపోయాడు. ఆ రేసు ఆడకుండానే వెళ్లిపోయాడు. 99తో ఆగింది లెక్క. మూడు టైటిళ్లు గెలిచినవాడే అలా దాచాడని ఈ కథ అత్తయ్యకి చెప్పి మావయ్యని కాపాడదామని చూశాను. "ఆవిడకి నెలనెలా చీటీ డబ్బులు కట్టే పనుండదు కదరా" అంది. నోరు మూసుకున్నాను.

అత్తయ్య కోపం అబద్ధం కాదు. లారీకి అనుకున్న రేటు రాలేదు. ఉన్న అరెకరం తోటకి తెల్లదోమ. లారీ అప్పు తీరిపోయి, కిరాయి డబ్బు చేతిలో నిలబడుతున్న టైములో దిగిపోయాడని ఆవిడ బాధ. నికో రోస్‌బర్గ్ అనే ఇంకో డ్రైవరు 2016లో హామిల్టన్ మీద 5 పాయింట్ల తేడాతో టైటిల్ కొట్టి, 5 రోజులకే రిటైరయ్యాడు. మళ్లీ ఓడిపోతానని భయపడ్డాడన్నారు జనం. నేనూ అన్నాను. ఇప్పుడు అననులెండి, మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాక.

నేను మాత్రం ఒక్కసారే అడిగాను, ఎందుకని. "ఝాన్సీ దాటాక ఒక రాత్రి, ఎదురు లైటు పడితే ముందులా కోపం రాలేదురా. పోనీలే అనిపించింది. పోనీలే అనిపించాక ఎక్కకూడదు" అన్నాడు. కొన్నవాడు వచ్చి బండి తోలుకెళ్లే రోజు అద్దం ముందున్న అంతర్వేది నరసింహస్వామి పటం ఒక్కటే తీసుకున్నాడు. దణ్ణం పెట్టలేదు.

అప్పటినుంచీ నెలకోసారైనా అడుగుతాడు: "మీవోడు మళ్లీ ఎక్కాడా?" నికీ లౌడా అనే పాత డ్రైవరు 1979లో మాంట్రియల్‌లో ప్రాక్టీసు మధ్యలో దిగిపోయి, 1982లో తిరిగొచ్చి, 1984లో అర పాయింటు తేడాతో ప్రోస్ట్ మీద టైటిల్ గెలిచాడని నేనే చెప్పాను, నా ఖర్మ. "అర పాయింటేంట్రా, అర చెక్కలా" అని నవ్వాడు కానీ, ఆ తిరిగొచ్చిన సంగతి మనసులో పెట్టుకున్నాడు. 2024 మార్చిలో వెట్టెల్ స్పెయిన్‌లోని అరగాన్‌లో పోర్షే 963 అనే రేసు కారు టెస్టుకి తిప్పాడని చెబితే చేతిలో టీ చల్లారేదాకా వివరాలడిగాడు. ఎక్కాడు, తిప్పాడు, దిగాడు, రేసుకి వెళ్లలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక పొద్దున నేను వెళ్లేసరికి అత్తయ్య పెరట్లో బట్టలు నానబెడుతోంది. మావయ్య లోపల పడుకున్నాడు. రాత్రి ఎవరింట్లోనో భజనకి వెళ్లానన్నాడట. చొక్కా భుజం మీద కొబ్బరి పీచు, అరచేతుల్లో ఎర్రగా తాడు వాతలు. తెలిసినవాళ్ల డ్రైవరుకి జ్వరమొస్తే లోడు కట్టి రావులపాలెం దాకా తోలి, బస్సెక్కి తిరిగొచ్చాడని మాకు తర్వాత తెలిసింది.

అత్తయ్య ఆ పీచు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. చొక్కా నీళ్లలో ముంచింది.

"లేపమంటావా?" అన్నాను.

"పడుకోనీ. భజన చేసొచ్చారు కదా" అంది.