తాత ధోవతుల కింద నా మొదటి షార్ట్ ఫిల్మ్

నల్లగొండ చుట్టుపక్కల ఆరేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఇక సినిమా తీయడం ఎంతసేపులే అనుకునేవాణ్ని. ఆ పొగరు దిగింది మిర్యాలగూడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. తలంబ్రాల వీడియో నిండా నల్లటి అడ్డచారలు, పైనుంచి కిందికి పాకుతూ. పెళ్లికూతురి నాయన "పోనీలే బిడ్డా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత తెలిసింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. షటర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతుకు పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు విడతల వెలుగు పడుతుంది, చారలు రావు. నేను ఎవరో అమెరికా ఆయన చెప్పాడని 1/60లో పెట్టాను. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్.

ఆ దెబ్బ మరవకముందే దోస్తు ఒకడు కథ రాసుకొచ్చాడు. మా నాయనమ్మ వాళ్ల పాత భవంతిలో, నడిమి వాకిట్లో తీయాలి. నటించేదీ నాయనమ్మే. మొదటి రోజంతా దండగ. ఎండకు ముఖం సగం తెల్లగా కాలిపోయింది, సగం బొగ్గయింది. పదకొండింటికి ఎడమవైపున్న నీడ మూడింటికి కుడివైపు దూకింది.

హైదరాబాద్‌లో కెమెరా అసిస్టెంట్‌గా చేసే అన్నకు ఫోన్ చేశాను. "లైట్ల సంగతి తర్వాత, ముందు పానగల్లు పోయి కూసో" అన్నాడు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం మాకు కూతవేటు దూరం. చిన్నప్పటి నుంచి వెళ్తున్నా శివలింగం మీద నీడ రోజంతా కదలదని దేవుడి మహిమలాగే చూశాను. ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మండపంలో కూర్చుంటే అర్థమైంది. గర్భగుడిలోకి నేరుగా ఎండ పోవడం లేదు. బయట తగిలి చెదిరిన వెలుగే స్తంభాల నడుమ నుంచి లోపలికి వెళ్తోంది. సూర్యుడు ఎటు జరిగినా అది వచ్చే దారి మారదు.

విషయం చెబితే అన్న, సత్యజిత్ రే సినిమాల కెమెరామన్ సుబ్రత మిత్ర పేరు ఎత్తాడు. 1956లో వచ్చిన రే సినిమా 'అపరాజితో' కోసం కాశీలోని ఇంటి వాకిలిని స్టూడియోలో సెట్ వేస్తే, ఆయన పైన తెల్లబట్ట కట్టించి, లైట్లను దాని మీదికి కొట్టి, తిరిగి కిందికి పడే మెత్తటి వెలుగులో తీశాడట. మాది నిజం వాకిలే, పైన ఎండ ఉండనే ఉంది. బట్ట ఒక్కటే తక్కువ.

పెట్టెలో తాత ధోవతులు నాలుగు దొరికాయి. కలిపి కుట్టి, వాకిలి మీద తాళ్లతో బిగించాం. వెలుగు దాదాపు రెండు స్టాపులు తగ్గింది, అంటే నాలుగో వంతే మిగిలింది. అయినా మనిషి ముఖం మనిషి ముఖంలా కనిపించింది. వెలుగు తిరిగి ముఖం మీద పడేలా నీడవైపు థర్మోకోల్ షీటు పట్టుకోవడం దోస్తు పని. గాలికి ధోవతులు ఊగితే నాయనమ్మ బుగ్గ మీద వెలుగు కూడా ఊగేది. రెండు టేకులు అట్లా పోయాక మూలలకు ఇటుకలు వేలాడదీశాం.

ఈసారి పదకొండింటి షాటు, మూడింటి షాటు పక్కపక్కన అతికాయి. ఒక్కదాంట్లో మాత్రం గోడ కాస్త నీలంగా ఉంది. వెలుగును బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేశాను. ఎవరూ పట్టుకోలేదు, నాకైతే ఇప్పటికీ గుచ్చుతుంది.

ప్యాకప్ చెప్పగానే నాయనమ్మ పైకి చూసి, "అయిపోయింది కదా, ఇగ అవి ఉతికి పెట్టెల పెట్టు బిడ్డా" అంది.